మిగిలిన రంగు ఎవరిది?



సమాధుల పండుగ, ఆ వెనుకే ఆగమన కాలం దగ్గరపడుతున్నాయి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల మన విచారణల్లో ఇక ఇళ్ళకు రంగులు వేసుకునే రోజులు. వెనుకటికి సున్నమూ, నీలిమందూ ఉండేవి. సున్నం మిగిలితే పశువుల కొట్టానికో, ప్రహరీకో పూసేవారు. ఇప్పుడు గోడలకు ఎమల్షన్, తలుపులకు ఎనామిల్. క్రిస్మస్ నక్షత్రం దించే నాటికి ఇంటి వెనుక నాలుగు వేళ్ళ మందాన రంగు మిగిలిన డబ్బా, సగం టర్పెంటైన్ ఉన్న సీసా మిగులుతాయి. మొన్న మా గురునివాసం మెట్ల కింద లెక్కపెడితే తొమ్మిది డబ్బాలు తేలాయి. రెండింటి మూతలు ఊడి రాలేదు. ఇతరులకు చెప్పే ముందు నా సంగతి చెప్పుకోవాలి కదా!

యోహాను సువార్త 6వ అధ్యాయంలో ఐదువేల మంది తృప్తిగా భుజించిన తరువాత ప్రభువు చేసిన పనిని మనం త్వరగా దాటిపోతాము. ఏదీ వ్యర్థం కాకుండా మిగిలిన ముక్కలను పోగుచేయమని ఆయన శిష్యులను ఆదేశించారు. పన్నెండు గంపలు నిండాయి. రొట్టెలను అంతగా పెంచగలిగినవానికి ముక్కలతో పనేమి? అయినా వాటిని గడ్డి మీద వదిలి వెళ్ళలేదు. మిగతా సువార్తలను కూడా చూడండి: జనానికి రొట్టెలు పంచినది శిష్యులే. పంచిన చేతులే ఏరాయి.

రొట్టె ముక్క మిగిలితే పిట్టలైనా తింటాయి. రంగు అలా కాదు. కుంచె కడిగిన టర్పెంటైన్ మోరీలో పోస్తే అది మోరీలోనే ఆగదు. పల్లానికి చెరువు ఉంటుంది, చెరువులో గేదెలు ఉంటాయి. అంతకన్నా భయంకరమైనది, ఆ టర్పెంటైన్‌ను కూల్‌డ్రింకు సీసాలో పోసి గూట్లో పెట్టడం. పసివాడు నీళ్ళనుకొని తాగితే అది ఊపిరితిత్తులలోకి దిగుతుంది. అప్పుడు కక్కించే ప్రయత్నం చేయకూడదు. మళ్ళీ ఊపిరితిత్తులలోకే పోతుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. తల్లులారా, ఈ ఒక్క సంగతైనా ఇంట్లో అందరికీ చెప్పండి.

ఇంకొకటి సీసం. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదని 2016లో కేంద్రం నియమం చేసింది. అది 2017 నవంబరు 1 నుండి అమలులోకి వచ్చింది. కనుక అంతకు ముందు కొన్న ఎనామిల్ డబ్బా మూలన పడి ఉంటే, దాన్ని ఉయ్యాలకో, బడి బల్లకో వేయకండి. పాత తలుపుల రంగు పొడిగా గీకించకండి. ఆ దుమ్ము మొదట పెయింటర్ ఛాతీలోకి, తరువాత నేల మీద పాకే బిడ్డ నోట్లోకి పోతుంది.

2016 నాటి ఘన వ్యర్థాల నియమాలే రంగు డబ్బాలను ఇంటి ప్రమాదకర వ్యర్థాలలో చేర్చి, వేరుగా ఇవ్వాలన్నాయి. వేరు చేసి చేతిలో పట్టుకున్నాం, ఇవ్వవలసినది ఎవరికి? పల్లెలో పంచాయతీ ట్రాక్టరు ఒక్కటే. ఎవడో గొయ్యి తవ్వి మూయకుండా వదిలితే, అందులో పొరుగువాని ఎద్దు పడితే, గొయ్యి తవ్వినవాడే నష్టం చెల్లించాలని నిర్గమకాండం 21వ అధ్యాయం చెబుతోంది. ఎద్దుది తప్పనలేదు, దారిది తప్పనలేదు. మన దేశంలో బ్యాటరీలకు, పాత కంప్యూటర్లకు, ప్లాస్టిక్ ప్యాకింగుకు ఈ న్యాయమే 2022 నాటి నియమాలలో కనిపిస్తుంది: తయారుచేసినవాడే తిరిగి సేకరణకు బాధ్యుడు. డబ్బాలో మిగిలిన రంగును మాత్రం అవి పట్టించుకోలేదు.

అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రం 2009లో దీనికి చట్టం చేసింది. మన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్న కాలిఫోర్నియాలో 2012 నుండి ఆ పద్ధతి నడుస్తోంది. డబ్బా కొనేటప్పుడే కొంత రుసుము కడతారు, మిగిలిన రంగును దగ్గరి దుకాణంలో అప్పగిస్తారు. కంపెనీలు కలిసి ఏర్పరచుకున్న సంస్థ దాన్ని సేకరించి, పనికివచ్చే నీటి రంగులను మళ్ళీ రంగుగా తయారు చేయిస్తుంది. చివరకు కట్టేది కొనేవాడే కదా అంటారు. నిజమే. కాని ఎంత కొన్నవాడికి అంత. రంగు కొనలేని ఇంటి బావి మీద ఆ భారం పడదు.

మన దగ్గర సాధ్యమా? డబ్బాలో టోకెను పెట్టి మారుమూల గూడెంలోని పెయింటర్‌కు కూడా డబ్బు ముట్టేలా చేయగలిగిన వ్యాపారులు, అదే దారిన ఖాళీ డబ్బాను వెనక్కి తీసుకోలేరంటే నేను నమ్మలేను. ఫ్రాన్సిస్ పోపుగారు 2015లో 'లౌదాతో సీ' విశ్వలేఖలో విసిరివేసే సంస్కృతిని తప్పుపట్టినప్పుడు, వినియోగదారులతో పాటు పరిశ్రమల గురించి కూడా మాట్లాడారు.

అప్పటి వరకు మన వంతు మనది. గోడ కొలిపించి కొనండి. షాపులో మిషను మీద కలిపిన షేడును వెనక్కి తీసుకోరు. బాగున్న రంగును మూత బిగించి, కొన్న సంవత్సరం రాసి, నవంబరు 2కు ముందు ఆదివారం పూజ తరువాత గుడి వరండాలోకి తీసుకురండి. సమాధుల తోటలో ఎవరూ లేనివారి సిలువలు ఉన్నాయి, ఒంటరి తల్లుల ఇళ్ళు ఉన్నాయి. రంగు వేసే పని మన యువత చూసుకుంటారు. గడ్డకట్టిన ఎమల్షన్‌లో ఇసుక కలిపి, పిల్లలకూ పశువులకూ అందని చోట ఆరనివ్వండి. ఎనామిల్, టర్పెంటైన్ మాత్రం పారబోయకుండా దాచి, మున్సిపాలిటీ వారిని అడగండి. అదే రోజు వరండాలో ఒక అర్జీ కూడా ఉంటుంది, రంగుల కంపెనీలకూ, జిల్లా కలెక్టరు గారికీ. చదివి, ఇష్టమైతే సంతకం చేయండి. మొదటి సంతకం కింద నా తొమ్మిది డబ్బాల సంగతి కూడా రాశాను.