శుశ్రూష యనగా వినుట

వృద్ధులైన తల్లిదండ్రులకును వ్యాధిగ్రస్తులకును చేయు సేవను తెలుగువారు శుశ్రూష యందురు. ఈ పదము పుట్టిన విధమును విచారించినచో ఒక విశేషము గోచరించును. 'శ్రు' ధాతువునకు వినుట యని యర్థము. కోరికను తెలుపు 'సన్' ప్రత్యయము దానిపై చేరగా శుశ్రూష యను పదము సిద్ధించినది. కావున దానికి మొదటి యర్థము వినవలయునను కోరిక. గురువు పలుకు వినగోరి ఆయన సన్నిధిని వసించిన శిష్యుడు నీళ్లు మోసెను, సమిధలు తెచ్చెను, పాదములొత్తెను. ఆ పనులకును క్రమముగా శుశ్రూష యనియే పేరు కలిగినది. చెవితో మొదలైన పదము చేతులవరకు వ్యాపించినది.

సేవకు మరియొక పేరు ఉపచారము. 'ఉప' యనగా దగ్గర. 'చార' మనగా మెలగుట. దగ్గర మెలగుచు కావలసినది అందించుట ఉపచారము. ఈ రెండు పదములను ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో సేవయొక్క స్వరూపము తేటపడును. ఉపచారము చేతి పని. శుశ్రూష చెవి పని. పూర్వము ఈ రెండును ఒకే కప్పు క్రింద నుండెడివి. కాలము మారి, కాపురముల తీరు మారి, నేడు చెవి యొకచోట, చేయి యొకచోట నున్నవి. ఈ స్థితిలో బిడ్డల ధర్మము నెరవేరుట యెట్లు? పల్నాటి పల్లెలలో అనేక గృహములు నేడు ఎదుర్కొనుచున్న ప్రశ్న యిది.

శ్రీమద్రామాయణమున అయోధ్యాకాండయందు దశరథుడు అవసానకాలమున కౌసల్యకు తన పూర్వదుష్కృతమును చెప్పును. సరయూతీరమున చీకటిలో కుండ నిండుచున్న చప్పుడు విని, ఏనుగు నీరు త్రాగుచున్నదని తలచి, ఆయన శబ్దవేధియగు బాణమును విడిచెను. అంధులైన తల్లిదండ్రులకొరకు నీరు ముంచుకొనుచున్న మునికుమారునకు అది తగిలెను. మరణించుచు ఆ బాలుడు దిగులుపడినది దప్పికతో ఎదురుచూచుచున్న ఆ యిరువురిని గూర్చి. రాజు కుండ నింపుకొని ఆశ్రమమునకు పోయెను. అడుగుల సవ్వడి విని, వచ్చినవాడు కుమారుడే యనుకొని, ముసలితండ్రి ఆలస్యమునకు కారణమడిగెను, మాటలాడకుండుటకును కారణమడిగెను. నీరు వచ్చినది. తెచ్చిన చేయి సాక్షాత్తు మహారాజుది. అయినను ఆ వృద్ధులు వెదకినది పలుకును. దాహము రెండు విధములనియు, కుండనీటితో తీరునది వానిలో ఒకటి మాత్రమేయనియు ఆదికవి ఈ ఘట్టమున తెలిపినాడు. ఆ బాలునకు వాల్మీకి పేరు పెట్టలేదు. లోకము మాత్రము అతనిని శ్రవణకుమారుడని పిలుచుకొన్నది. ఆ పేరునందును వినికిడియే యున్నది.

పల్నాడు ఒకప్పుడు మెట్టసీమ. జొన్న, సజ్జ, వరిగ పండించుకొని బ్రతికిన నేల. శ్రీనాథునివిగా ప్రచారమునందున్న చాటువులు ఈ సీమ జొన్నకూటిని ఎగతాళి చేసినవి. వాన కురిసిననే పంట, పంట పండిననే తిండి. అట్టి చోట ఒంటరి కాపురము సాగదు గనుక మూడుతరములు కలిసి బ్రతికినవి. ఆ యిండ్లలోని వరుసలు కేవలము పిలుపులు కావు. తండ్రి సోదరి అత్త. భర్త తల్లియు అత్తయే. తల్లి సోదరుడు మామ. భార్య తండ్రియు మామయే. మేనరికములు సాగిన సమాజమున ఒక్కొక్క మాట రెండేసి ఋణములను ముడివేసినది. బిడ్డకు చెవులు కుట్టునపుడు మేనమామ ఒడి కావలయును. 'మామా' యని పిలిచినంతనే పిలిచినవారికి ఒక హక్కును, పలికినవారికి ఒక బాధ్యతయు ఏర్పడుచుండెను.

1955 డిసెంబరు 10న ప్రధాని నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధి కాలువలకు నీరు విడిచెను. జవహర్ కాలువగా పేరొందిన కుడికాలువ నీటితో మెట్టచేలు అనేకము మాగాణులైనవి. వరి, మిరప, ప్రత్తి విరివిగా వచ్చినవి. చేతిలో నాలుగు రూకలాడగా బిడ్డలు చదువులకు పోయిరి. నరసరావుపేటకు, గుంటూరునకు, హైదరాబాదునకు, ఆపై అమెరికాకును పోయిరి. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రముగా పల్నాడు జిల్లా ఏర్పడి సీమకు గౌరవము హెచ్చినది. ఇండ్లలో మనుష్యులు తగ్గిరి. ఇందు దోషము ఎవరిపైనను మోపరాదు. పొలమమ్మి చదివించిన తండ్రియే బిడ్డను దూరదేశమునకు సాగనంపెను. వెళ్లినవాడు ఆయన కోరికను నెరవేర్చుటకే వెళ్లెను.

మనుష్యులతోపాటు వరుసలును తగ్గినవి. పెత్తల్లి, పినతల్లి, మేనత్త, పొరుగింటి ఇల్లాలు అందరును 'ఆంటీ' యను ఒక్క మాటలో కలిసిపోవుచున్నారు. మాట పోవుట చిన్న సంగతి. మేనత్తకు జ్వరము వచ్చినచో పోయి చూడవలసినవాడను నేనే యను ఎరుక ఆ మాటతోపాటు పోవుట పెద్ద సంగతి.

దూరముననున్న కుమారుడు ప్రతిదినము ఫోనులో తల్లి మాట వినగలడు; ఆమె పడిపోయినచో లేవనెత్తలేడు. జీతమునకు కుదిరిన స్త్రీ లేవనెత్తగలదు, స్నానము చేయింపగలదు. ఆ తల్లి పుట్టినయూరి పేరు కూడ ఆమెకు తెలియదు. రాజ్యము తన వంతు చేసినది. 1956 నాటి హిందూ దత్తత, భరణ చట్టము వృద్ధులైన తల్లిదండ్రుల పోషణభారమును కుమారునిపైననే గాక కుమార్తెపైనను ఉంచినది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణకై 2007లో వచ్చిన చట్టము, పోషింపని బిడ్డలనుండి నెలకు 10,000 రూపాయలకు మించకుండ భరణమిప్పించు అధికారమును ట్రైబ్యునలునకు ఇచ్చినది. 2024 జూలై నుండి ఆంధ్రప్రదేశమున వృద్ధాప్యపు పింఛను నెలకు 4,000 రూపాయలై ఇంటివద్దనే అందించబడుచున్నది. ఇవియన్నియు మేలైనవే. అన్నము లేని ముసలివాని ఆకలిని ధర్మోపన్యాసము తీర్చదు. కాని భరణమును ఆజ్ఞాపింపగల న్యాయస్థానము పలుకరింపును ఆజ్ఞాపింపజాలదు.

ఆ పలుకరింపు ఎచట చెడుచున్నదో వ్యాకరణము చక్కగా చూపును. సంస్కృత వైయాకరణులు క్రియకు మూడు పురుషలను చెప్పిరి. నేను అనునది ఉత్తమపురుష; నీవు అనునది మధ్యమపురుష; వాడు, ఆమె, వారు అని పరోక్షముననున్నవారిని చెప్పునది ప్రథమపురుష. కొడుకు తండ్రిని 'మీరు' అనక 'నువ్వు' అనుచున్నాడని వాపోవు పెద్దలు కలరు. ఇందు పెద్ద హాని లేదు. రామదాసు, త్యాగరాజు మొదలగు భక్తులు శ్రీరాముని ఏకవచనముననే పిలిచిరి. నీవు అన్నను అది ఎదుట నిలిపి పలికిన పలుకే. నిజమైన హాని వేరొకటి. తండ్రి మంచముపై మేలుకొనియుండగనే, ఆ మంచమునకు ఈవల నొకరు ఆవల నొకరు నిలిచి, 'తిన్నాడా? మందు వేశారా? రాత్రి నిద్రపోయాడా?' యని బిడ్డలు ఒకరినొకరు అడుగుకొందురు. వైద్యుడు రోగిని అడిగిన ప్రశ్నకు రోగి నోరు విప్పకమునుపే వెంటవచ్చినవారు బదులు చెప్పుదురు. ఇట్లు బ్రతికియుండగనే ఆ తండ్రి మధ్యమపురుషనుండి ప్రథమపురుషకు త్రోయబడుచున్నాడు. ఏకవచన బహువచనములు మారుట కాలధర్మము. ఈ పురుషవ్యత్యయము మాత్రము అపరాధము.

పూర్వపు ఉమ్మడికుటుంబమున అంతయు సవ్యముగనే యుండెనా యని ఒకరు ఆక్షేపింపవచ్చును. ఉండలేదు. తండ్రిని సేవించిన కీర్తి కుమారునిది. మలమూత్రములెత్తిన చేతులు కోడలివి. పగలు పొలమున వంగి పనిచేసి, రాత్రి రెండుమారులు లేచి అత్తగారిని ప్రక్కకు తిప్పిన ఆమె నడుమునొప్పిని అడిగిన చెవి ఆ యింట లేకుండెను. అడుగకపోగా, మజ్జిగ పులిసినదని ఆమె మాట పడెను. అందుచేత పాతకాలము యథాతథముగా తిరిగి రావలెనని కోరుట ధర్మము కాదు. ఉపచారము చేయువారికిని శుశ్రూష కావలయును. తల్లిని చెల్లెలి యింట నుంచి, నెలకొకమారు ఫోనుచేసి, ఇట్లు చేయుము అట్లు చేయుము అని ఆజ్ఞాపించు అన్న ముందుగా వినవలసినది ఆ చెల్లెలి గోడు.

మాటలు చాలునా, దగ్గర లేని కొడుకు ఋణము ఫోనుతో తీరునా యనునది రెండవ ఆక్షేపము. మహాభారత అరణ్యపర్వమున కౌశికుడను బ్రాహ్మణుడు ధర్మమును తెలియగోరి మిథిలకు పోయి, మాంసవిక్రయముచే జీవించు ధర్మవ్యాధుని ఆశ్రయించెను. వ్యాధుడు తన తల్లిదండ్రులను చూపి, తనకు దైవములు వీరేయని తెలిపెను. పిదప కౌశికుని లోపమును ఎత్తిచూపెను. వేదాధ్యయనమునకై అనుమతి లేకయే అతడు ఇల్లు విడిచినందున తల్లిదండ్రులు దుఃఖముచే చూపు కోల్పోయిరనియు, మరలిపోయి వారిని ప్రసన్నులను చేసికొనవలయుననియు బోధించెను. వ్యాధుడు చదువును నిందింపలేదు. చెప్పక వెళ్లుటను తప్పుపట్టెను. మరలి చూడకుండుటను తప్పుపట్టెను. చెప్పి వెళ్లినవానికిని ఈ రెండవ బాధ్యత తొలగదు. కనుక దూరముననున్నవానికి ఫోను శుశ్రూషలో ఒక భాగమే. ఏడాదికి కొన్ని దినములైనను దగ్గర మెలగి తన చేతులతో ఉపచారము చేసినవానికే, తల్లి ఫోనులో 'బాగానే ఉన్నాను నాయనా' అన్నప్పుడు ఆ మాట వెనుక దాగిన బాధ వినబడును. చేతికి తెలియనిది చెవికి పట్టదు.

ఇక జీతమునకు సేవ చేయువారి సంగతి. వారిని అమ్మా యనియు అక్కా యనియు పిలుచుట తెలుగునాట వాడుక. పిలుపు మంచిదే. పిలిచిన వరుసకు తగిన నడతయు కావలయును. పన్నెండవ శతాబ్దిలో మాచెర్లసీమలో బ్రహ్మనాయుడు చాపకూడు నడపి అన్నికులములవారిని ఒకే బంతిని భుజింపజేసెనని పల్నాటి వీరగాథ చెప్పుచున్నది. మాలకులమున పుట్టిన కన్నమదాసును ఆయన కుమారునివలె చూచి సేనకు నాయకుని చేసెననియు ప్రసిద్ధి. కారెంపూడి వీరారాధనోత్సవములలో చాపకూడు నేటికిని కలదు. కుమారుడని తలచినవానికి ఆయన బంతిలో చోటునిచ్చెను, గౌరవమునిచ్చెను. అక్కా యని పిలిచి వేరు గ్లాసులో కాఫీ పోయువారును, జీతము ఆలస్యము చేయువారును ఆ సీమ పేరు చెప్పుకొనుటకు తగరు. మంచముపైనున్న పెద్దల పూర్వచరిత్రను, వారికి ప్రియమైన కీర్తనను, వారిని భయపెట్టు విషయములను ఆమెకు చెప్పియుంచుట బిడ్డల విధి. అప్పుడు ఆ చేతికిని చెవి వచ్చును.

పెద్దలకును ఇందు వంతు కలదు. ఎదుటివారిని కలతపెట్టక మేలైన నిజము పలుకుటను భగవద్గీత పదునేడవ అధ్యాయమున ఒక తపస్సుగా గణించినది. దీనికి నదీతీరము అక్కరలేదు, కాలిసత్తువ అక్కరలేదు, మంచముననుండియు చేయవచ్చును. 'మా కాలములో' అని మొదలిడి ప్రతిదినము కోడలిని తూచువారు తమ మాట వినగలవారిని తామే దూరము చేసికొందురు. మనుమడు పలికిన క్రొత్తమాట అర్థము కానిచో వానినే అడిగి తెలిసికొనుటయు శుశ్రూషయే.

అన్నిటికంటె కఠినమైన శుశ్రూష మతిమరపు వ్యాధి సోకిన పెద్దలకు చేయునది. వారు చెప్పిన సంగతినే మరల చెప్పుదురు. పదిమారులు విన్న కథను పదునొకండవమారు విసుగులేక వినుటకు మించిన వ్రతము గృహస్థునకు లేదు. కథ పాతదే. తన మాటకు ఒక చెవి యున్నదను ధైర్యము మాత్రము ఆ వృద్ధునకు ప్రతిసారియు క్రొత్తగా కావలయును. కన్నబిడ్డ పేరే మరచిన తల్లియెదుట కూర్చుండియు 'అమ్మా' యని పిలుచుట మానరాదు.

నరసరావుపేట చెంత కోటప్పకొండపై వెలసిన త్రికోటేశ్వరస్వామి స్థలపురాణమున గొల్లభామ ఆనందవల్లి కథ ప్రసిద్ధము. ప్రతిదినము కొండనెక్కి సేవించు ఆమె, గర్భవతియై ఎక్కలేని స్థితిలో తన అలసటను స్వామికి మొరపెట్టుకొనెను. స్వామి ఆమె మాట విని, ఆమె వెంట తానే దిగివచ్చుటకు అంగీకరించెను. వెనుదిరిగి చూడరాదన్న నియమము తప్పినందున దారిలో నిలిచిపోయెనని కథ. సేవలందుకొను దేవుడే సేవకురాలి గోడు వినెను. ఆ వినికిడి ఆయనను శిఖరమునుండి కదిలించినది. శివరాత్రినాడు ప్రభలతో ఆ కొండకు చేరు జనసముద్రములో దూరదేశములనుండి వచ్చిన పల్నాటి బిడ్డలును ఉందురు. స్వామిని దర్శించి ఇల్లు చేరిన బిడ్డ, తిరుగుప్రయాణమునకు ముందు తల్లి మంచము ప్రక్కన కూర్చుండి, 'నీకెట్లున్నదమ్మా' యని ఆమెనే అడిగి, చెప్పినది తుదివరకు వినినచో ఆ యాత్ర సఫలమగును.