నేరగాథల చిత్రణ – పలుకుబడి గల కుటుంబాలు : ఒక నైతిక పరిశీలన

ప్రవేశిక

జరిగిన నేరాన్ని కథగానో డాక్యుమెంటరీగానో మలిచి చూపే ధారావాహికలు నేడు ఇంటింటి వినోదమయ్యాయి. వాటిలో సంపన్న కుటుంబాల కథలకు ఆదరణ ఎక్కువ. పెద్దింటి తలుపుల వెనుక ఏం జరిగిందో తెలుసుకోవాలన్న కుతూహలం సహజమే. కాని దానిని తీర్చే హక్కు రచయితకు ఎంతవరకు ఉంది? ఎవరి అభ్యంతరాన్ని మన్నించాలి? 2020లో తెలుగునాట ఎదురైన రెండు ఉదంతాల ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రెండు ఉదంతాలు

మొదటిది సత్యం కంప్యూటర్స్ ఉదంతం. సంస్థ లెక్కలు తారుమారు చేసినట్లు 2009 జనవరి 7న దాని అధిపతి బి. రామలింగరాజు లేఖాముఖంగా అంగీకరించారు. అంతకు కొద్ది వారాల ముందే, సత్యం ధనంతో తన కుటుంబానికి చెందిన మేటాస్ సంస్థలను కొనే ప్రయత్నం మదుపరుల వ్యతిరేకత వల్ల ఆగిపోయింది. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానం ఆయనతో సహా 10 మందిని దోషులుగా నిర్ధారించింది. ఆ తీర్పుపై అప్పీలు దాఖలైంది. 2020లో నెట్‌ఫ్లిక్స్ ‘బ్యాడ్ బాయ్ బిలియనేర్స్’ ధారావాహికను ప్రకటించగా, ఆయన అభ్యర్థనపై హైదరాబాదు సివిల్ కోర్టు నిలుపుదల ఉత్తర్వు ఇచ్చింది. అక్టోబరులో ఆయన భాగం లేకుండానే మిగిలిన మూడు భాగాలు విడుదలయ్యాయి.

రెండవది చలనచిత్రానికి సంబంధించినదైనా ప్రశ్న ఒకటే. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న దళిత యువకుడు గర్భవతి అయిన భార్య కళ్లెదుటే హత్యకు గురయ్యాడు. ప్రధాన నిందితుడు ఆమె తండ్రే, ఆ పట్టణంలో ధనికుడు. ఆయన మరణించిన 2020లోనే రాంగోపాల్ వర్మ ‘మర్డర్’ చిత్రాన్ని, కూతుర్ని అతిగా ప్రేమించిన తండ్రి కథగా, తండ్రుల దినోత్సవం నాడు ప్రకటించారు. బాధిత కుటుంబం అభ్యంతరం చెప్పింది. దిగువ న్యాయస్థానం మొదట ఆపినా, హైకోర్టు అనుమతితో డిసెంబరులో చిత్రం విడుదలైంది.

పేరు – రసం

కావ్యంలోని శోకం సామాజికునికి రసమెలా అవుతుందన్న ప్రశ్నకు భట్టనాయకుడు సాధారణీకరణమనే సమాధానం చెప్పాడు. భావం ఫలానా వ్యక్తికి చెందినదన్న ఎరుక తొలగినప్పుడే అది ఆస్వాదయోగ్యమవుతుంది. నేరగాథ ఇందుకు విరుద్ధంగా నడుస్తుంది. ‘ఇది వారి కథే’ అన్న గుర్తింపే దాని ఆకర్షణ. అంటే ఆస్వాదన ప్రేక్షకునిది, శోకం మాత్రం ఇంకా బతికి ఉన్న ఒక మనిషిది. ఆ శోకాన్ని వాడుకున్న రచయిత ఆ మనిషికి జవాబుదారీ కావాలి.

న్యాయవిచారణ ముగియకముందే తెర తీర్పు చెప్పరాదన్న వాదం బలమైనదే. హిమాయత్‌నగర్‌లోని ప్రేక్షకునికి నాంపల్లి న్యాయస్థానాలు దూరం కాకపోయినా, అతడు అక్కడి వాదనలు వినడు, తీర్పు ప్రతి చదవడు. తెరపై చూసినదే అతనికి తీర్పు. అయితే ఈ వాదం రెండు ఉదంతాలకూ సమానంగా వర్తించాలి కదా!

తెలుగువాడైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి 1994లో రాజగోపాల్ కేసు తీర్పులో ఒక విభజన చూపారు. న్యాయస్థాన దస్త్రాల్లో ఉన్న విషయాన్ని ప్రచురించడానికి సాధారణంగా గోప్యత అడ్డుకాదు. కాని లైంగిక దాడి, అపహరణ వంటి నేరాలకు గురైన స్త్రీ పేరును బయటపెట్టి ఆమెను అవమానించరాదు. మిర్యాలగూడ ఉదంతం ఆ మినహాయింపు పరిధిలోకి రాకపోవచ్చు. అందులోని నైతిక దృష్టి మాత్రం ఇక్కడా అవసరమే.

ముగింపు

క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణమన్న ఔచిత్యాన్ని ఇక్కడ ఇలా అన్వయించవచ్చు: ఒక కుటుంబం ప్రజల ధనంపై, ప్రజల నమ్మకంపై చెలాయించిన అధికారం ప్రజల కథ. దానిని ఆధారాలతో చెప్పడానికి ఆ కుటుంబం అనుమతి అక్కరలేదు. నేరం ఒకరి నెత్తిన రుద్దిన దుఃఖం మాత్రం వారి సొంతం. దానిని వారి పేరుతో, అందులోనూ నిందితుని పక్షాన నిలిచి చెప్పాలంటే వారి సమ్మతి కావాలి. 2020లో జరిగింది దీనికి తలకిందులు. వేలాది మదుపరులకు సంబంధించిన కథ ఆగింది, ఒక యువతి శోకం టికెట్టుకు అమ్ముడైంది. ఇందులో ప్రేక్షకులకూ పాలుంది. చూసే ముందు ‘ఇది ఎవరి కథ, ఎవరు చెబుతున్నారు’ అని అడగడం మన బాధ్యత.