చదువు బాకీ ఎవరికి?

1888లో గాంధీ బారిస్టరు చదువుకని లండన్ బయలుదేరబోతుంటే బొంబాయిలో కులపెద్దలు ఆయన్ని వెలివేశారు. సముద్రం దాటడం తప్పన్న వాళ్ల మాటకు శాస్త్రబలం లేకపోలేదు. బౌధాయన ధర్మసూత్రం సముద్రయానాన్ని మనిషిని పతితుణ్ణి చేసే పనుల్లో లెక్కపెట్టింది. తర్వాతి కాలపు నిబంధనకారులు కలియుగంలో చేయరాని పనుల్లో దాన్ని చేర్చారు. ఇవాళ ఆ అడ్డు ఎవరికీ గుర్తు లేదు. చిలుకూరు బాలాజీ చుట్టూ ప్రదక్షిణలు చేయించి, వీసా వచ్చాక మొక్కు తీర్చుకుని మరీ పిల్లల్ని శంషాబాద్‌లో విమానం ఎక్కిస్తున్నాం. మంచిదే. కానీ వెళ్లవచ్చా అన్న ప్రశ్న పోయినచోట ఇంకో ప్రశ్న పుట్టాల్సింది, అది పుట్టలేదు. పరాయి దేశంలో పరాయివాళ్ల ఖర్చుతో చదువుకున్నవాడు ఎవరికి బాకీ పడతాడు? ఆ బాకీ ఎట్లా తీరుతుంది? ఇది డబ్బు లెక్క కాదు, ధర్మం లెక్క. దీనికి మన సంప్రదాయంలోనే గట్టి జవాబు ఉందనీ, ఆ జవాబు మనం అనుకునేదానికంటే కఠినమైనదనీ నా వాదన.

జర్మనీని ముందు పెట్టుకుంటే విషయం స్పష్టమవుతుంది. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటిలో ట్యూషన్ ఫీజు లేదు. ఆ దేశపు పిల్లవాడికీ లేదు, వరంగల్ నుంచి వెళ్లిన అమ్మాయికీ లేదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం 2017 నుంచి యూరోపియన్ యూనియన్ బయటివాళ్ల దగ్గర సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటోంది. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2024 చలికాలపు సెమిస్టరు నుంచి కొత్తగా చేరే అలాంటి బయటివాళ్లకు కోర్సును బట్టి సెమిస్టరుకు 2,000 నుంచి 6,000 యూరోల దాకా పెట్టింది. ఇలాంటివి ఇంకా మినహాయింపులే. మిగతాచోట్ల కట్టే సెమిస్టరు రుసుము ఎక్కువగా హాస్టళ్లూ క్యాంటీన్లూ నడిపే విద్యార్థి సేవాసంస్థకూ, బస్సూ రైలూ పాసుకూ పోతుంది. ‘మేం 11 లక్షలు కట్టాం కదా’ అని తల్లిదండ్రులు అనవచ్చు. అది బ్లాక్డ్ అకౌంట్‌లో వేసిన డబ్బు. ఏడాదికి 11,904 యూరోలు వేసి చూపించాలి. అది నెలకు 992 యూరోల చొప్పున విద్యార్థి చేతికే తిరిగి వస్తుంది, గది అద్దెకూ బియ్యం కూరగాయలకూ. అందులో ఒక్క యూరో కూడా చదువు వెలగా చేరదు. మరి ప్రొఫెసరు జీతం, లాబ్‌లో యంత్రాలు, రాత్రి పొద్దుపోయేదాకా దీపాలు వెలిగే గ్రంథాలయం ఎవరి డబ్బుతో నడుస్తున్నాయి? ఆఖెన్‌లో ఒక ముసలావిడ రొట్టె కొంటే దాని మీద 7 శాతం పన్ను కడుతుంది, సబ్బు కొంటే 19 శాతం. ఆ పన్నులో రాష్ట్రాలకు వాటా ఉంది, విశ్వవిద్యాలయాలను ప్రధానంగా నడిపేది రాష్ట్రాలే. ఆమెకు మనవాడి పేరు తెలియదు, మనవాడికి ఆమె పేరు తెలియదు. అయినా ఇద్దరి మధ్యా ఒక బాకీ ఉంది.

లేదనేవాళ్ల వాదన నాకు తెలుసు. జర్మనీలో ముసలివాళ్లు పెరుగుతున్నారు, ఇంజనీర్లు చాలడం లేదు, అందుకే మన పిల్లల్ని పిలుస్తున్నారు, చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఉండనిస్తున్నారు, తర్వాత జీతంలోంచి పన్ను రాబట్టుకుంటారు, ఇందులో దానం ఎక్కడుంది అంటారు. ఆ అవసరం నిజమే. కానీ ఫీజు లేని చదువు ఆ అవసరంలోంచి పుట్టలేదు. 2005లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఫీజులు పెట్టుకునే వీలు రాష్ట్రాలకు ఇచ్చింది, కొన్ని రాష్ట్రాలు పెట్టాయి. జనం ఊరుకోలేదు. బవేరియాలో 2013 జనవరి చలిలో ఓటర్లు పట్టణ కార్యాలయాలకు వెళ్లి, ఫీజు వద్దంటూ స్వయంగా సంతకాలు చేసి వచ్చారు. రెండు వారాల్లో పదోవంతు ఓటర్ల సంతకాలు కావాలి, అంతకు మించే వచ్చాయి. శాసనసభ ఫీజు ఎత్తేసింది. ఒక్కొక్క రాష్ట్రమే వెనక్కి తగ్గగా 2014లో చివరిదైన దిగువ సాక్సనీ కూడా తీసేసింది. తండ్రి సంపాదనను బట్టి బిడ్డ చదువు ఉండకూడదని వాళ్లు తమ పిల్లల కోసం గెలుచుకున్న హక్కు అది. చదువు తలుపు తెరిచేటప్పుడు బయటివాళ్లను బయటే ఉంచడం వాళ్లకు సాధ్యమే, ఇప్పుడు మ్యూనిక్‌లో జరుగుతున్నది అదే. చాలా రాష్ట్రాలు ఇంకా ఆ పని చెయ్యలేదు. ఇచ్చేవాడికి కూడా లాభం ఉన్నంత మాత్రాన పుచ్చుకున్నవాడి బాకీ చెల్లిపోదు. అన్నం పెట్టినవాడికి పుణ్యం వస్తుందని తిన్నవాడు కృతజ్ఞత మానుకోడు కదా.

ఇప్పుడు ఆ బాకీ స్వరూపం. మనిషి రుణాలతో పుడతాడన్న భావన వేదకాలం నాటిది. తైత్తిరీయ సంహిత మూడు రుణాలు చెప్పింది: దేవతలకు యజ్ఞంతో, పితరులకు సంతానంతో, ఋషులకు బ్రహ్మచర్యంతో, అంటే చదువుతో, తీర్చాలి. శతపథ బ్రాహ్మణం నాలుగోది చేర్చింది, మనుష్యరుణం. తోటి మనిషికి బస ఇచ్చి, అన్నం పెట్టి తీర్చాల్సిన రుణం అది. ఈ నాలుగింటిలో ఋషిరుణానికి ఒక విచిత్రమైన లక్షణం ఉంది. ఇచ్చినవాడికి తిరిగి ఇవ్వడం అందులో కుదరదు. ఋషులు పోయారు, వాళ్లకు మన డబ్బుతో పని లేదు. చదువుకున్నవాణ్ణి ఋషుల నిధికి కాపలాదారుగా శతపథం ఎంచింది. చదువు ముగించి ఇంటికి వెళ్లే శిష్యుడికి తైత్తిరీయోపనిషత్తులో గురువు చెప్పే మాటలు చూడండి. గురువుకు ఇష్టమైన ధనం తెచ్చి ఇవ్వడం ఒక్కసారితో అయిపోతుంది. చదవడం, చెప్పడం మాత్రం ఎన్నటికీ మానకూడదు. మొదటిది గురువుకు చెల్లింపు, రెండోది ముక్కూమొహం తెలియని మూడోవాడికి చెల్లింపు. ఆఖెన్ ముసలావిడ విషయంలోనూ అంతే. ఆమె ఇంటికి వెళ్లి యూరోలు లెక్కపెట్టి ఇవ్వలేం. ఆమెకు పడ్డ బాకీ తీరేది ఇంకొకరికి ఇచ్చినప్పుడే.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేస్తే ఈ వాదనకు విలువ ఉండదు. తైత్తిరీయ సంహిత రుణాలు చెప్పింది బ్రాహ్మణుడికి. వేదం చదవకుండా శూద్రులనూ స్త్రీలనూ దూరం పెట్టింది ఆ సంప్రదాయమే, సముద్రం దాటితే వెలి అన్నదీ అదే. అలాంటి భావనను తెచ్చి, కరీంనగర్‌లో సాంఘిక సంక్షేమ హాస్టల్లో చదివి డ్రెస్డెన్ చేరిన అమ్మాయికి తగిలించడం న్యాయమా? ఆ చరిత్రను నేను సమర్థించను. నిధికి కాపలా పెడితే నిధిని దాచుకున్నవాళ్లు తమ రుణాన్ని తామే ఎగవేశారని నా నిశ్చితాభిప్రాయం. వాళ్లు చేసిన అన్యాయం వల్ల భావన తప్పయిపోదు, దాని ప్రకారమే వాళ్లు దోషులవుతారు. పైగా శతపథం రుణాన్ని ఒక వర్ణానికి కట్టెయ్యదు, ఉనికి ఉన్న ప్రతివాడికీ పుట్టుకతోనే అంటిన బాకీగా చెబుతుంది. ఆచరణలో ఈ భావనను బాగా అందుకున్నది బౌద్ధం. క్రీ.శ. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల విజయపురిలో, మన నాగార్జునకొండ లోయలో, సింహళ విహారం ఉండేది. బోధిసిరి అనే ఉపాసిక సింహళ ఆచార్యుల కోసం కట్టడాలు కట్టించి శాసనం వేయించింది. కృష్ణ ఒడ్డున ఒక గృహస్థురాలు సముద్రం అవతలివాళ్ల కోసం ఖర్చు పెట్టింది.

నలంద కథ దీనికంటే స్పష్టం. ఏడో శతాబ్దంలో అక్కడ ఊళ్లకు ఊళ్ల ఆదాయం విద్యార్థుల తిండికీ బసకూ రాసిచ్చారు. చైనా నుంచి వచ్చిన హ్యూయెన్‌త్సాంగ్ శీలభద్రుడి దగ్గర కూర్చుని చదివినప్పుడు ఆయన తిన్న బియ్యం మగధ రైతు పండించినది. ఆ రైతుకు ఆయన ఏమీ తిరిగి ఇవ్వలేదు. 645లో 657 గ్రంథాలతో చాంగాన్ చేరి, 664లో పోయేదాకా వాటిని చైనా భాషలోకి తెస్తూ కూర్చున్నాడు. ఆయన యాత్ర గురించిన రాతల్లో నలంద వర్ణన కూడా ఉంది. మనవాళ్లు నలంద ఎక్కడుందో కూడా మరిచిపోయాక, పందొమ్మిదో శతాబ్దంలో పురావస్తు పరిశోధకుడు కన్నింగ్‌హామ్ బరగావ్ దగ్గరి దిబ్బలే నలంద అని తేల్చడానికి ఆధారపడినవాటిలో ఆ చైనా విద్యార్థి రాతలు ఉన్నాయి. పన్నెండు శతాబ్దాల తర్వాత, ఎవరూ అడగకుండా, బాకీ ఇంటికి చేరింది.

మరి స్వదేశానికి బాకీ లేదా? ఉంది. ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో బీటెక్ చేసినవాడి చదువుకు ఇక్కడి కూలీ కొన్న అగ్గిపెట్టె మీది పన్ను కూడా ఆసరా అయింది. ఎడ్యుకేషన్ లోన్ కోసం అమ్మానాన్నలు తాకట్టు పెట్టిన ఎకరం ఉంది, అది నోటితో కాక నెల వాయిదాలతో తీరాల్సిన అప్పు, దాని మీద తత్వచర్చ అక్కర్లేదు. అయితే స్వదేశపు బాకీ తీరడానికి తిరిగి రావడం ఒక్కటే దారి అన్న మాటను నేను ఒప్పుకోను. అఘోరనాథ చటోపాధ్యాయ బెంగాలీ, డాక్టరేటు తెచ్చుకున్నది ఎడిన్‌బర్గ్‌లో. ఆయన తన చదువును ధారపోసింది హైదరాబాదులో, నిజాం కాలేజీగా ఎదిగిన విద్యాసంస్థకు పునాది వేస్తూ, ఆడపిల్లల చదువు కోసం పాటుపడుతూ. అది ఆయనకు పుట్టిన ఊరూ కాదు, చదివిన ఊరూ కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్లి మళ్లీ రాలేదు, 1948లో అక్కడే పోయాడు. ఆయన పరిశోధన బృందాల చేతుల్లో రూపుదిద్దుకున్న మెథోట్రెక్సేట్ ఇవాళ మన ఆసుపత్రుల్లో కీళ్లవాతం రోగులకు వారం వారం ఇస్తున్నారు. రాలేదు కాబట్టి రుణం ఎగ్గొట్టాడని ఎవరనగలరు? తిరిగొచ్చి, నేర్చుకున్నది ఎవరికీ చెప్పకుండా కూర్చున్నవాడి కంటే ఆయన ఎంతో మేలు.

కాబట్టి తప్పు ఉండిపోవడంలో లేదు, రావడంలో లేదు, చదవకపోవడంలో ఉంది. సీటును వీసాకు తలుపుగా మాత్రమే వాడుకుని, పరీక్షలు వాయిదా వేస్తూ పోవడం ఋషిరుణాన్ని మొదట్లోనే ఎగ్గొట్టడం. గడవక పార్ట్‌టైమ్ పని చేసేవాణ్ణి నేను అనడం లేదు. ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేసుకోవచ్చని అక్కడి చట్టమే చెబుతోంది, మంచులో సైకిలు మీద పిజ్జాలు మోసి చదువుకునేవాడికి ఎవరైనా చెయ్యెత్తి దండం పెట్టాలి. దొంగ అనుభవపత్రాలు పుట్టించే కన్సల్టెన్సీలనూ, తెలిసి తెలిసి వాటిని వాడుకునేవాళ్లనూ అంటున్నాను. 2022 నవంబరు నుంచి జర్మనీ వీసాకు మన దేశపు విద్యార్థులు తమ పత్రాలు అసలువేనని ఏపీఎస్ అనే సంస్థ పరిశీలనలో తేల్చుకుని సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఒకడి తప్పు ఇంకొకడి మీద పడకూడదన్న ఆలోచన పాతదే. పన్నెండో శతాబ్దంలో ఫ్రెడరిక్ బార్బరోసా చక్రవర్తి చదువు కోసం ఊరు విడిచి వచ్చినవాళ్లకు రక్షణ ఇస్తూ ఒక శాసనం చేశాడు. ఒక ఊరివాడు చేసిన అప్పుకు అదే ఊరి నుంచి వచ్చిన విద్యార్థిని పట్టుకోకూడదు అన్నది అందులో ముఖ్యమైన అంశం. బొలోన్యా వంటిచోట్ల విశ్వవిద్యాలయాలు నిలదొక్కుకోవడానికి ఈ రక్షణ తోడ్పడింది. గొప్ప నియమం. కానీ చట్టం అప్పును విడదీసినా అనుమానం విడదీయదు. ఒకడు మోసం చేస్తే వాడి తర్వాత వచ్చే నిజాయతీపరురాలు నెలలకు నెలలు వరసలో నిలబడుతుంది. ఒకడి ఎగవేత ఇంకొకరి నెత్తిన పడడమంటే ఇదే.

తీర్చే దారులు పెద్దవేం కావు. చదివిన విషయాన్ని తెలుగులో రాయండి, బ్యాటరీల గురించైనా వంతెనల గురించైనా, పదో తరగతి పిల్లకు అర్థమయ్యేట్టు. కొత్తగా దరఖాస్తు పెట్టేవాళ్లకు కన్సల్టెన్సీ వేలకు వేలు గుంజే సమాచారాన్ని ఊరికే చెప్పండి. పిల్లల్ని పంపిన తల్లిదండ్రుల వంతు మనుష్యరుణం. ఉస్మానియాలో ఆఫ్రికా నుంచీ అరబ్బు దేశాల నుంచీ వచ్చి చదువుకునే విద్యార్థులు ఉన్నారు. తార్నాకలోనో హబ్సిగూడలోనో ఒక సూడాన్ కుర్రాడు అద్దెకు గది అడిగితే రంగు చూసో, తిండి చూసో, మతం చూసో తలుపు వెయ్యకండి. మీ బిడ్డకు ఆఖెన్‌లో ఎవరో గది ఇచ్చారు. మీరూ ఇవ్వండి.