గ్యారేజీలో మొదలైన బడి



అమెరికాలోని బ్రిడ్జ్‌పోర్ట్ పట్టణంలో ఆల్‌ఫ్రెడ్ ఫోన్స్ అనే దంతవైద్యుడు ఉండేవారు. పన్ను పుచ్చాక చేసే వైద్యం కన్నా పుచ్చకుండా కాపాడడమే మేలని ఆయన గట్టిగా నమ్మారు. 1906లో తన సహాయకురాలు ఐరీన్ న్యూమన్‌కు పళ్ల గార తీయడం నేర్పారు. 1913లో ఓ గ్యారేజీలో ఏకంగా బడే పెట్టారు. అందులో తర్ఫీదు పొందిన డెంటల్ హైజీనిస్టులు ఆ ఊరి బడులకు వెళ్లి పిల్లల పళ్లు శుభ్రం చేశారు, బ్రష్షు పట్టడం నేర్పారు. పిల్లలున్న చోటికే వైద్యం నడిచి వెళ్లడం నాకు ఎంతో గొప్పగా తోస్తుంది.

మన దేశంలో 1948లో వచ్చిన దంతవైద్యుల చట్టంలోనూ హైజీనిస్టుకు చోటిచ్చారు. అయినా మన పల్లె బడుల్లో వాళ్లు కనిపించడం అరుదు. అందుకే పిల్లల పళ్లను ఇంట్లో మనమే కనిపెట్టుకోవాలి.

ఆరేళ్ల ప్రాయంలో పాలపళ్ల వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే, ఓ పెద్ద దవడపన్ను చడీచప్పుడు లేకుండా మొలుస్తుంది. అదీ పాలపన్నేలే, ఎలాగూ ఊడుతుందని చాలామంది వదిలేస్తారు. నిజానికది జీవితాంతం ఉండాల్సిన పన్ను. దాని పైభాగంలోని సన్నటి గాడుల్లో అన్నం, బిస్కెట్టు ఇరుక్కుని త్వరగా పుచ్చుతుంది. మీ ఇంట్లో ఆ ఈడు పిల్లలుంటే ఈ రాత్రి పడుకోబోయే ముందు ఫ్లోరైడ్ పేస్టు బఠాణీ గింజంత వేసి, బ్రష్షు ఆ చివరిదాకా చేర్చి మీరే తోమండి.