వరద కబురు అందరికీ చేరాలి



దైవప్రవక్త (సల్లం) కాలంలో మదీనాలో అజాన్ పలికినవారిలో హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) ఒకరు. ఆయన అంధులు. వేకువ వెలుగు ఆయనకు కనిపించదు. తెల్లవారిందని తోటివారు చెప్పిన తర్వాతే ఆయన అజాన్ పలికేవారని సహీహ్ బుఖారీ తెలుపుతోంది. చూపు లేదని ఆయనను ఎవరూ పక్కన పెట్టలేదు. చూపున్నవారు వేళకు కబురు అందించారు, ఆయన ఊరందరినీ మేల్కొలిపారు.

ఈ బోధన మన ఊళ్ళకు ఎంతో అవసరం. మనది కరువు సీమ, మనకు వరదలేమిటి అనుకుంటాం. కాని 2021 నవంబరు వానలకు చిత్రావతి పొంగింది. ధర్మవరం, పెనుకొండలకు దగ్గరలోని చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి వద్ద నీటిలో చిక్కుకున్న 10 మందిని వైమానిక దళ హెలికాప్టర్ కాపాడవలసి వచ్చింది.

అలాంటి రాత్రి మళ్ళీ వస్తే, మంచం దిగలేని దాదీని ఎవరు మోస్తారు? మస్జిద్ మైకు వినబడని చెవిటి సోదరుణ్ణి ఎవరు తట్టి లేపుతారు? ఫోనుకొచ్చే తెలుగు మెసేజి చదవలేని నానీకి ఉర్దూలో ఎవరు చెబుతారు? హిందూపురంలో కన్నడం తప్ప రాని పొరుగింటి అవ్వకు ఎవరు చెబుతారు?

"అల్లాహ్ రాసిందే జరుగుతుంది" అని కొందరంటారు. నిజమే. అయితే ఒంటెను కట్టేసి, ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమని ప్రవక్త (సల్లం) బోధించారు. మన బలహీనుల మూలంగానే మనకు సహాయమూ ఉపాధీ లభిస్తున్నాయని కూడా తెలియజేశారు.

కనుక జుమా నమాజు తర్వాత మస్జిద్ కమిటీ కూర్చుని మహల్లాలోని వికలాంగుల జాబితా రాయాలి. పొరుగువారి హక్కుకు మతభేదం లేదు, కాబట్టి ముస్లిమేతరుల ఇళ్ళనూ చేర్చాలి. ఒక్కొక్కరికీ ఇద్దరు బాధ్యులు ఉండాలి. స్త్రీలకు స్త్రీలను నియమించాలి. ఎలా ఎత్తాలో, ఎలా నడిపించాలో వారినే ముందుగా అడిగి తెలుసుకోవాలి. మందులు, ఆధార్, సదరం సర్టిఫికెట్ ఒకే ప్లాస్టిక్ సంచిలో ఉంచాలి. 112 నంబరు గోడపై పెద్దగా రాయాలి.

జిల్లాలోని వికలాంగుల వివరాలు నమోదు చేసి, ప్రమాదం గురించి వారికి తెలియజేయాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థను ఆదేశిస్తోంది. మన జాబితా తహశీల్దారు కార్యాలయంలో ఇచ్చి ఆ హక్కును అడుగుదాం. అయితే అధికారులు వచ్చేలోగా తలుపు తట్టవలసినవారు పొరుగువారే.

బలహీనుల అమానతును కాపాడే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.