పిల్లికి బిచ్చం పెట్టే పొదుపు

పొదుపుగా బతకడం సుగుణమా? లేక తరతరాల లేమి మనకు నేర్పిన లొంగుబాటా? బౌద్ధ కుటుంబాల్లో ఈ ప్రశ్న ఇప్పుడు రెండు తరాల మధ్య నిలబడి ఉంది. పెద్దవాళ్ళు పాత చీరను పారేయనివ్వరు. మనిషి లేని గదిలో లైటు వెలగనివ్వరు. కూర తొక్కులు తీసుకెళ్ళి మొక్క మొదట్లో వేస్తారు. పిల్లలు అడుగుతారు: "తాతకు లేక తినలేదు, లేక కట్టుకోలేదు. మాకు ఉండి కూడా ఎందుకు తగ్గించుకోవాలి? ఇది ధమ్మమా, పాత భయమా?" ఈ మాటను కసిరి కొట్టడం తేలిక. కాని అది న్యాయమైన ప్రశ్న. జవాబు చెప్పవలసిన బాధ్యత మనదే.

లేమి ఒక శాసనం

చట్టం చదువుకున్న మనిషిగా నేను మొదట చూసేది ఆ లేమి ఎక్కడి నుంచి వచ్చిందనే. మన పూర్వీకుల పేదరికం సోమరితనం వల్ల వచ్చింది కాదు. అది రాసిపెట్టిన శాసనం. చండాలుడు ఊరి బయట ఉండాలని, శవాల మీది గుడ్డలు కట్టుకోవాలని, పగిలిన పాత్రల్లో తినాలని, ఇనుప నగలే పెట్టుకోవాలని, కుక్కలూ గాడిదలే అతని ఆస్తి అని మనుస్మృతి పదో అధ్యాయం విధించింది. శూద్రుడు శక్తి ఉన్నా ధనం కూడబెట్టకూడదని అదే అధ్యాయం చెప్పింది. 1927 డిసెంబరు 25న మహాడ్‌లో ఆ గ్రంథం తగలబడింది ఇందుకే. ఆ సందర్భంలోనే బాబాసాహెబ్ మన స్త్రీలతో మాట్లాడుతూ, అంటరానితనాన్ని చాటిచెప్పే కట్టూ నగా మానేయమని, శుభ్రంగా నిండుగా చీర కట్టుకోమని చెప్పారు.

కాబట్టి చిరుగుల చీరను నిరాడంబరత అని మెచ్చుకునే ముందు, ఆ చీర ఎవరు కట్టించారో అడగాలి. పేదరికాన్ని పవిత్రం చేసే ఏ వాదాన్నీ బాబాసాహెబ్ ఒప్పుకోలేదు. 1945లో కాంగ్రెస్, గాంధీ అంటరానివారికి ఏం చేశారో విచారిస్తూ రాసిన గ్రంథంలో, యంత్రాలు వదిలి ప్రకృతికి తిరిగి పోదామనే వాదాన్ని గట్టిగా ఖండించారు. మనిషికి తీరిక కావాలి, తీరిక లేకపోతే సంస్కృతి లేదు అన్నది ఆయన వాదన. మన రాజ్యాంగం 43వ అధికరణం కూడా కార్మికుడికి కేవలం కూలి ఇచ్చి ఊరుకోమనదు. బతకడానికి చాలే వేతనం, గౌరవమైన జీవన ప్రమాణం, తీరికను అనుభవించే వీలు కల్పించమని రాజ్యానికి చెబుతుంది.

ఆయన చివరి గ్రంథం 'బుద్ధుడు – ఆయన ధమ్మం'లో బుద్ధుని ఇష్టానిష్టాల గురించి ప్రత్యేకంగా రాశారు. బుద్ధునికి పేదరికం ఇష్టం లేదు. పోగుచేసుకునే యావ కూడా ఇష్టం లేదు. అందమైనవాటిని చూస్తే ఆయన ఆనందించేవారు. ఈ మూడు మాటలనూ కలిపి చదవాలి. మొదటిది ఒక్కటే పట్టుకుంటే బజారు పాలవుతాం. రెండోది ఒక్కటే పట్టుకుంటే సన్యాసుల వేషం కడతాం. మూడోది మరిచిపోతే ఇల్లు ఎండిపోతుంది.

తరాజు పట్టిన చెయ్యి

కోలియుల ఊరు కక్కరపత్తంలో దీఘజాణు అనే గృహస్థు బుద్ధుణ్ణి కలిసిన సంగతి అంగుత్తర నికాయంలో ఉంది. మేం పెళ్ళాం పిల్లలతో ఉంటాం, చందనం పూసుకుంటాం, బంగారం, వెండి వాడుకుంటాం, మాలాంటివాళ్ళకు ఇక్కడా తర్వాతా మేలు చేసే ధమ్మం చెప్పండి అని అడిగాడు. బుద్ధుడు చందనం కడుక్కోమనలేదు. ఈ లోకంలో మేలుకు నాలుగు సంగతులు చెప్పారు: కష్టపడి నేర్పుగా సంపాదించడం, సంపాదించినదాన్ని కాపాడుకోవడం, మంచి స్నేహం, సమజీవిక. రాబడికి మించకుండా, రాబడి ఉండీ కుంచించుకుపోకుండా బతకడమే సమజీవిక. తరాజు పట్టినవాడు ముల్లు ఎటు వాలిందో ఎరిగినట్టు, గృహస్థుడు తన రాకపోకలు ఎరిగి ఉండాలి.

అక్కడ రెండు రకాల మనుషులను ఆయన తప్పుపట్టారు. కొంచెం సంపాదించి గొప్పగా ఖర్చు చేసేవాడు మేడిపండ్లు తినేవాడిలాంటివాడు. చెట్టు దులిపి, నాలుగు తిని, తక్కినవి నేలపాలు చేసేవాడన్నమాట. ఎంతో సంపాదించి పస్తులున్నట్టు బతికేవాడు రెండోవాడు. పొదుపు పేరుతో మనం ఈ రెండోవాణ్ణి ఎక్కువగా మెచ్చుకుంటాం. బుద్ధుడు మెచ్చుకోలేదు.

మన తెలుగులో ఆ రెండోవాడికి మంచి పేరే ఉంది. "పిల్లికి బిచ్చం పెట్టడు", "ఎంగిలి చేత్తో కాకిని తోలడు" అంటాం. ఈ సామెతలు చెప్పినవాళ్ళు పేదవాళ్ళే. తమకు లేకపోయినా పిసినారితనాన్ని గుర్తుపట్టగల చూపు వాళ్ళకుంది. పొదుపుకూ పిసినారితనానికీ మధ్య గీత ఎంత మిగిలిందన్న దగ్గర లేదు, మిగిలింది ఎవరి దాకా వెళ్ళిందన్న దగ్గర ఉంది.

అప్పు లేని సుఖం

మా బిలాస్‌పూర్ రైలు మీద బతికే ఊరు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఇటు లైను వేశాక, శ్రీకాకుళం, విశాఖ వైపుల నుంచి మనవాళ్ళు పనికి వచ్చి రైల్వే కాలనీల్లో స్థిరపడ్డారు. 2003 నుంచి ఇది ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రం. నెల మొదటికి జీతం తప్పకుండా వచ్చే మనిషంటే వడ్డీ వ్యాపారికి మహా ఇష్టం. కూతురి పెళ్ళికో, ఇంట్లో జబ్బుకో నూటికి ఐదు రూపాయల వడ్డీకి 50,000 తెచ్చినవాడు నెలకు 2,500 వడ్డీకే కడతాడు. ఇరవై నెలల్లో 50,000 కట్టేస్తాడు. అసలు 50,000 మాత్రం కదలకుండా అక్కడే ఉంటుంది. బస్తీల్లో ఈ లెక్కను పలక మీద వేసి చూపించినప్పుడు ఇంటి పెద్దలు మాట్లాడరు. లెక్క తెలియక కాదు, ఎవరూ ఎదురుగా కూడి చూపించక.

గృహస్థుడికి నాలుగు సుఖాలున్నాయని బుద్ధుడు అనాథపిండికుడికి చెప్పారు: కలిగి ఉన్న సుఖం, అనుభవించే సుఖం, అప్పు లేని సుఖం, తప్పు చేయని సుఖం. మరో సుత్తంలో పేదరికం అప్పుకు, అప్పు వడ్డీకి, వడ్డీ గుమ్మం ముందు నిలదీతకు, చివరికి బంధనానికి దారితీసే తీరును వరసగా చెప్పారు. ఇది అప్పులవాడి బాధను దగ్గరగా చూసిన మనిషి చెప్పిన మాట.

సిగాలోవాద సుత్తంలో రాబడిని నాలుగు భాగాలు చేయమన్నారు. ఒకటి అనుభవానికి, రెండు పనిలో పెట్టడానికి, నాలుగోది ఆపదకు. దీన్ని అచ్చంగా అమలు చేయమని సఫాయి కూలీకి బోధించడం క్రూరత్వం. రోజుకూలీలో నాలుగో వంతుతో ఇల్లు గడవదు. ఆ లెక్క వ్యాపారం ఉన్న గృహపతి కొడుక్కి చెప్పింది. మనం తీసుకోవలసింది అంకెను కాదు, దాని వెనక ఉన్న క్రమాన్ని. వచ్చినదంతా నేటిది కాదు. రేపటి పనికీ, రాబోయే ఆపదకూ అందులో పాలుంది. కూలి చేసేవాడికి పనిలో పెట్టే భాగం అంటే పిల్లల చదువు. అందుకే నేను చెప్పే లెక్క పుస్తకంలో ఐదు గళ్ళుంటాయి: తిండి, అప్పు, చదువు, ఆపద, దానం. దానం గడిలో ఒక నెల పది రూపాయలే ఉండవచ్చు. ఆ గడిని మాత్రం కొట్టివేయకూడదు.

ఇంకొక సంగతి. లెక్క ఎవరు రాస్తున్నారన్నది చూడండి, ఎవరి పాలు తగ్గిందన్నది కూడా చూడండి. నేను తిరిగే బస్తీలో ఒక ఇంట్లో పాలు లీటరు నుంచి అరలీటరుకు తగ్గించారు. ఎవరి గ్లాసు తగ్గిందమ్మా అని అడిగితే, అత్తాకోడళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇంటాయన టీ తగ్గలేదు, గుట్కా తగ్గలేదు. ఆడవాళ్ళ కడుపులో నుంచి తీసిన పొదుపు పొదుపు కాదు, దొంగతనం. భర్త భార్యకు చేయవలసినవి ఐదు చెప్పినప్పుడు బుద్ధుడు ఇంటి పెత్తనం ఆమెకు అప్పగించడాన్నీ, ఆమెకు నగలు సమకూర్చడాన్నీ చేర్చారు. ఐదో శీలం పాటిస్తే ఎంత మిగులుతుందో ఆ లెక్క పుస్తకమే చెబుతుంది.

బాడి

ఛత్తీస్‌గఢ్‌లో ఇంటి పెరటి తోటను బాడి అంటారు. మన గోంగూరకు ఇక్కడ అమారి భాజీ అని పేరు. మునగను ఇక్కడివాళ్ళూ మునగా అనే అంటారు. ఊరు మారినా కుండలో కూర మారలేదు. రైల్వే క్వార్టరు వెనక నాలుగడుగుల నేల ఉన్నా చాలు. అదీ లేనివాళ్ళకు పగిలిన బకెట్లు, సిమెంటు సంచులు ఉన్నాయి. బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయల తొక్కులు, ఎండుటాకులు, ఇంతే పెట్టుబడి. మే నెలలో ఎండ 45 డిగ్రీలు తాకే రోజుల్లో పాత చీరతో నీడ కట్టాలి.

దీనివల్ల బుధవారీ బజారులో కూరగాయల ఖర్చు కొంత తగ్గుతుంది, అంతే. ధనవంతులమైపోం. అయినా తోట వేయమనడానికి వేరే కారణం ఉంది. తరతరాలుగా మనవాళ్ళు పరాయి భూమిలో పంట పండించారు. తన గింజను తన చేత్తో నాటి, ఎప్పుడు కోయాలో తానే తేల్చుకోవడం మన ఇళ్ళలో కొత్త అనుభవం. నాలుగు కాయలు పొరుగింటికి పంపగలగడం అంతకన్నా కొత్త. తోటలో రెండు బంతి మొక్కలకు, ఒక మల్లెపాదుకు చోటివ్వండి. తినడానికి పనికిరానిది దండగ అనే ఆలోచన మనకు పేదరికం నేర్పింది, బుద్ధుడు కాదు.

పాత వస్తువుల సంగతి వినయ పిటకంలో ఆనందుని కథ తేల్చి చెబుతుంది. ఉదయన రాజు అంతఃపురం స్త్రీలు ఆనందునికి 500 చీవరాలు ఇచ్చారు. ఇన్ని ఏం చేసుకుంటాడని రాజుకు కోపం వచ్చింది. వెళ్ళి అడిగాడు. చీవరాలు చిరిగిన భిక్షువులకు పంచుతాను అన్నాడు ఆనందుడు. మరి పాతవి? పక్కల మీద దుప్పట్లవుతాయి. ఆ పాతవి పరుపు గలీబులు, ఆ తర్వాత నేల మీద పరుపులు, కాళ్ళు తుడుచుకునే పట్టాలు, దుమ్ము దులిపే గుడ్డలు. చివరికి ముక్కలు చేసి మట్టిలో కలిపి నేల మెత్తుతాం అన్నాడు. రాజు సంతోషించి మరో 500 ఇచ్చాడు. చీర బొంతై, బొంత మసిగుడ్డయ్యే మన అమ్మమ్మల లెక్క ఇదే. తేడా ఒక్కటి గమనించాలి. ఆనందుని లెక్కలో మొదటి అంశం పంచడం. కొత్త చీవరాలు పెట్టెలో దాచి పాతవి వాడలేదు.

పిల్లి

ఇక పిల్లి. రూపాయి రూపాయి లెక్క చూసే ఇంట్లో పిల్లికి చేప తలలు తేవడం న్యాయమేనా అని మా బస్తీ యువకుడొకడు అడిగాడు. ఎలుకలు పడుతుంది కదా అని సమాధానం చెప్పవచ్చు. ఆ సమాధానం నాకు చాలదు. పని చేస్తేనే తిండి అన్న లెక్కతోనే మనల్ని కూడా చూశారు. మా ఇంటి పిల్లి ముసలిదైంది. ఎలుక కనిపిస్తే తల తిప్పుకుంటుంది. అయినా దాని గిన్నె దానిది.

గిన్నె కడిగిన నీళ్ళను ఊరి గుంటలో పోస్తూ, అక్కడి జీవులు దీనితో బతకనీ అనుకున్నా అది పుణ్యమేనని బుద్ధుడు వచ్ఛగోత్తుడికి చెప్పారు. ఈ మాట మనలాంటివాళ్ళ కోసమే చెప్పినట్టుంటుంది. దానం చేయడానికి ధనవంతుడు కానక్కరలేదు. కడిగిన నీళ్ళు చాలు, కాని ఆ తలపు కావాలి. పిల్లి ఎదురైతే పని చెడుతుందని వెనక్కి తిరిగే ఊళ్ళో, ఎదురొచ్చిన పిల్లికి ముద్ద పెట్టడం మూఢనమ్మకానికి జవాబు కూడా. కొందరి ఎదురు రావడమే అపశకునమని ఈ దేశం నమ్మిన రోజులు మనకు తెలుసు కదా.

అది ఎలుకను చంపితే మన శీలం చెడదా అంటారు. చంపాలనే ఇచ్ఛకూ, చంపవలసిన అవసరానికీ తేడా ఉందని, అహింస కరుడుగట్టిన నియమం కాదు, సూత్రం అని బాబాసాహెబ్ వివరించారు. పిల్లికి వేట స్వభావం. మనం జవాబు చెప్పవలసింది మన చేతులకు. రైల్వే ఊరిలో ఆ చేతుల పరీక్ష బదిలీ ఉత్తర్వు వచ్చినప్పుడు జరుగుతుంది. క్వార్టరు ఖాళీ చేసి, సామాను లారీ ఎక్కించి, పిల్లిని మెట్ల మీద వదిలి వెళ్ళిపోతారు. ఆకలితో, దాహంతో బాధపడేలా జంతువును అకారణంగా వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. జీవుల పట్ల కరుణ రాజ్యాంగం 51ఎ అధికరణం చెప్పిన పౌర విధి. కనీసం పక్కింటివాళ్ళకు అప్పగించి, నాలుగు రోజుల తిండి ఇచ్చి వెళ్ళాలి.

మూడు పరీక్షలు

ఇప్పుడు పిల్లల ప్రశ్నకు జవాబు చెప్పవచ్చు. ఇక్కడ రాత్రి అన్నంలో నీళ్ళు పోసి పొద్దున తినే బోరే బాసి మన చద్దన్నమే. 2022 మే డే నాడు అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ పిలుపుతో నాయకులు, అధికారులు కూడా అది తిన్నారు. వాళ్ళకు అది ఆ రోజు ఎంపిక. కూలీకి అది రోజూ తప్పనిసరి. గిన్నెలో ఉన్నది ఒకటే అయినా రెండూ ఒకటి కావు.

కనుక ప్రతి పొదుపునూ మూడు ప్రశ్నలు అడగండి. ఇది నేను ఎంచుకున్నదా, నా మీద పడిందా? దీని బరువు ఇంట్లో అందరి మీదా సమానంగా ఉందా? మిగిలింది ఎక్కడికి పోతోంది: చదువుకా, అప్పు తీరడానికా, పొరుగువాడికా, పెట్టెలోకా? మొదటిదానికి జవాబు "నా మీద పడింది" అయితే, అక్కడ బోధించవలసింది పొదుపు కాదు, వేతనం అడగడం. 1946లో కార్మిక సభ్యుడిగా కనీస వేతనాల బిల్లును ప్రవేశపెట్టిన బాబాసాహెబ్, కూలీలకు తక్కువ తినడం నేర్పలేదు. న్యాయమైన కూలి అడగడం, వచ్చినదాన్ని తరాజులో తూచి ఖర్చు చేయడం ఒకే ధమ్మానికి రెండు చేతులు.

ఈ నెల నుంచి ఇంట్లో లెక్క పుస్తకం తెరవండి. అందరూ కూర్చుని రాయండి, పిల్లల చేత కూడిక వేయించండి. ఆదివారం వందనకు వచ్చేటప్పుడు గుప్పెడు గోంగూర గింజలు తెచ్చి పంచుకోండి. గుమ్మంలోకి వచ్చిన పిల్లికి కాస్త అన్నం పెట్టండి. ఆ ముద్దను ఏ గడిలో రాయాలని పిల్లలు అడిగితే, దానం గడిలో రాయమనండి.