ఏ ఊరి స్పానిష్?

ఎనిమిది వారాల సెలవు దొరికితే స్పానిష్ నేర్చుకోవడానికి ఎక్కడికి వెళ్లాలి? ఇది ఏ ల్యాప్‌టాప్ కొనాలి అన్నంత మామూలు ప్రశ్న. వచ్చే సలహాలూ అట్లాంటివే. సలమాంకా పో, అక్కడ భాష శుద్ధంగా ఉంటుంది. వయ్యాదోలిద్ అయితే ఇంకా శుద్ధం. చేతిలో డబ్బు తక్కువుంటే గ్వాటెమాలాలోని ఆంతిగ్వా పో, ఒక విద్యార్థికి ఒక టీచరు, ఉండడానికి వాళ్లింట్లోనే గది. బొగొతా వాళ్లు స్పష్టంగా పలుకుతారు. క్యూబా వద్దు, చిలీ అసలే వద్దు, అక్షరాలు మింగేస్తారు.

ఈ సలహాలన్నీ నాకూ అందినయి. ధరలు, విమానాలు, వీసాలు ఒక స్ప్రెడ్‌షీట్‌లో వేసుకున్నాను కూడా (వృత్తి అలవాటు, ఏం చేస్తాం). కానీ ఆ స్ప్రెడ్‌షీట్‌లో మొదటి కాలమ్‌కి అందరూ పెట్టమన్న పేరు 'శుద్ధత'. కుకునూరుపల్లిలో పెరిగి హైదరాబాద్‌లో పనిచేసే మనిషి చెవిలో ఆ మాట ఊరికే పడి పోదు.

ప్రశ్నను తిప్పి చూద్దాం. సలమాంకాలో చదువుకున్న ఒక అమ్మాయి రెండు నెలలు తెలుగు నేర్చుకోవడానికి వస్తానంటుంది. ఎక్కడికి పంపుతాం? విజయవాడ అంటాం, రాజమండ్రి అంటాం. తెలంగాణ వాళ్లం కూడా కాసేపు తటపటాయించి హైదరాబాద్ అంటామేమో. రాజీవ్ రహదారి మీద, కొండపాకకు ఇవతల, ఈమధ్యనే మండలమైన మా ఊరి పేరు ఎవరి నోటా రాదు. నా నోటా రాదు. ఎందుకు రాదు? పుస్తకంలో 'ఎక్కడికి వెళ్తున్నారు' అని చదువుకున్న పిల్ల మా బస్టాండులో దిగితే 'ఏడికి వోతున్నవ్ బిడ్డా' అని వినబడుతుంది. ఉల్లిపాయ కోసం వెతికితే ఉల్లిగడ్డ దొరుకుతుంది. దారి అడిగితే తోవ చెప్తారు. 'అవ్వ' అంటే నాయనమ్మ అని నేర్చుకుని వచ్చి, నలభై ఏళ్ల మనిషిని కొడుకు 'అవ్వా' అని పిలుస్తుంటే తెల్లబోతుంది. ఇవన్నీ ఆమెకు అదనపు కష్టమని మనమే ముందుగా అనేసుకుంటాం. నిజానికి భాష రానివాళ్లకు ఏ యాసైనా ఒకటే కష్టం. మొదటి యాస ఏదైతే అదే వాళ్లకు 'మామూలు భాష' అవుతుంది. కాబట్టి ఆమె కష్టాన్ని అడ్డం పెట్టుకుని మనం దాస్తున్నది వేరే సంగతి. మా ఊరి భాష చూపించుకోదగ్గది కాదన్న పాత నమ్మకం.

ఆ నమ్మకం ఎట్లా పుట్టిందో మనకు తెలిసిందే. చాలా ఏళ్లు సినిమాల్లో మా భాష రౌడీకి, హాస్యగాడికి మాత్రమే. 'ఫిదా' 2017లో వచ్చింది, 'బలగం' 2023లో. అంటే ఈ మార్పు నిన్నమొన్నటిది. ఇక్కడ ఇంకో మెలిక కూడా ఉంది. గిడుగు రామమూర్తి పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం, కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9న తెలంగాణ భాషా దినోత్సవం. పదకొండు రోజుల తేడాతో ఒకే భాషకు రెండు పండుగలు. గిడుగు గ్రాంథికం మీద పోరాడి జనం మాటకు రాతలో చోటు సంపాదించాడు. ఆ చోటులో కూర్చున్నది మాత్రం కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువుకున్నవాళ్ల మాట. మిగతా జిల్లాల వాళ్లు మళ్లీ గుమ్మం బయటే. కాళోజీ అడిగింది ఆ గుమ్మం గురించే. దీనికి గిడుగును తప్పుపట్టడం న్యాయం కాదు. శుద్ధతను పడగొట్టినవాళ్ల పేరుమీదే ఇంకో శుద్ధత లేస్తుంది, అది వాళ్ల చేతుల్లో ఉండదు.

స్పానిష్ కథ ఇంతకంటే పెద్దది, ఇంతకంటే నెత్తుటిది. సలమాంకా విశ్వవిద్యాలయం 1218 నాటిది. ఆ ఊళ్లోనే 1492 ఆగస్టులో, కొలంబస్ ఓడెక్కిన నెలలోనే, నెబ్రిహా అనే పండితుడు కాస్తీయ భాషకు వ్యాకరణం అచ్చువేసి ఇసబెల్ రాణికి అంకితమిచ్చాడు. భాష సామ్రాజ్యం వెంట నడుస్తుందని ముందుమాటలోనే దాపరికం లేకుండా చెప్పాడు. 1713లో పుట్టిన స్పానిష్ రాయల్ అకాడెమీ, భాషను శుభ్రం చేసి, కుదురుగా నిలిపి, మెరుగు పెట్టడం తన పని అనుకుంది. వాళ్ల నినాదం ఇప్పటికీ అదే. బట్టల సబ్బు ప్రకటనకు కూడా బాగానే సరిపోతుంది.

అవతలి ఒడ్డు నుంచి జవాబు రావడానికి చాలా కాలం పట్టింది. కరాకస్‌లో పుట్టి చిలీలో స్థిరపడిన ఆంద్రేస్ బెయ్యో 1847లో ఇంకో వ్యాకరణం రాశాడు. అమెరికా ఖండపు వాళ్ల కోసమే రాస్తున్నానని పేరులోనే పెట్టాడు. అర్జెంటీనాలో 'నువ్వు' అనడానికి పుస్తకంలో ఉండే 'తూ' వాడరు, 'వోస్' అంటారు. ఇంట్లో, వీధిలో, ప్రేమలో, కొట్లాటలో అంతా వోస్. బళ్లో మాత్రం అది తప్పు. అది చదువుకున్నవాళ్ల భాషలో కూడా చెల్లుతుందని అర్జెంటీనా అకాడెమీ ఒప్పుకున్నది 1982లో. దేశమంతా మాట్లాడే మాటకు ఆ దేశంలోనే అనుమతి దొరకడానికి అంతకాలం పట్టింది.

లెక్క ప్రకారం చూసినా శుద్ధత నిలబడదు. సలమాంకాలో కృతజ్ఞతలకు 'గ్రాథియాస్' అంటారు, నాలుక పళ్లమధ్య పెట్టి. అమెరికా ఖండమంతా 'గ్రాసియాస్'. స్పెయిన్ జనాభా ఐదు కోట్లకు కొంచెం అటూఇటూ, ఒక్క మెక్సికోలోనే పదమూడు కోట్ల మంది. అయినా శుద్ధమంటే సలమాంకానే గుర్తొస్తుంది. ఉచ్చారణ అందాన్ని బట్టి ఈ ర్యాంకులు పుట్టలేదు. ఓడలు ఎటు నుంచి ఎటు వెళ్లాయో దాన్ని బట్టి పుట్టాయి. ఇంత తెలిశాక కూడా 'శుద్ధంగా ఉంటుంది కాబట్టి' సలమాంకా ఎంచుకుంటే, మా ఊరికి ఎవరినీ పంపనివాళ్ల లెక్కలోనే నేనూ చేరతాను. సలమాంకా మీద నాకు కోపమేం లేదు. పాత రాళ్ల ఊరు, మంచి విశ్వవిద్యాలయం, అక్కడే నచ్చి వెళ్తే తప్పేముంది. శుద్ధత అన్న కారణం ఒక్కటే నాకు గొంతు దిగదు.

సరే, ఆంతిగ్వా. ఇక్కడ వాదన ఇంకోలా ఉంటుంది. నీ డబ్బు పెద్ద సంస్థకు పోకుండా టీచరమ్మకు, భోజనం పెట్టే ఇంటికి నేరుగా పోతుంది, కాబట్టి ఇదే నైతికమైన ఎంపిక. ఇందులో సగం నిజముంది. మిగతా సగం ఏమిటంటే, అక్కడ చవక ఎందుకంటే అక్కడ మనిషి గంట చవక. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా కంపెనీకి కోడ్ రాసే నాకు ఈ లెక్క ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. నా జీతం కూడా అట్లాంటి ఒక తేడా మీదే నిలబడింది. ఒక తేడా పుణ్యాన వచ్చిన డబ్బును ఇంకో తేడా ఉన్నచోట ఖర్చుపెట్టి దానికి సేవ అని పేరు పెట్టుకోవడం నా వల్ల కాదు. అది కొనుగోలు. నిజాయితీగా కొనుక్కోవచ్చు, అంతవరకే.

పైగా గ్వాటెమాలాలో స్పానిష్ అందరి అమ్మభాష కాదు. అక్కడ ప్రభుత్వం గుర్తించిన మాయా భాషలే 22. 1960 నుంచి 1996 దాకా సాగిన అంతర్యుద్ధంలో రెండు లక్షలకు పైగా మనుషులు చనిపోయారనో మాయమయ్యారనో ఐక్యరాజ్యసమితి మద్దతుతో పనిచేసిన కమిషన్ తేల్చింది. గుర్తుపట్టిన బాధితుల్లో 83 శాతం మాయా ప్రజలే. ఆ దేశంలోనే పుట్టిన రిగొబెర్తా మెంచూ అమ్మభాష కిచే. స్పానిష్ ఆమె పెద్దయ్యాక నేర్చుకుంది, తన వాళ్ల మీద జరిగింది బయటి ప్రపంచానికి చెప్పడానికి. కొత్తగా పట్టుబడిన ఆ భాషలోనే తన కథ చెప్పింది. 1992లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. నేను ఏ ఇంట్లో గది తీసుకుని క్రియారూపాలు వల్లెవేస్తానో, ఆ ఇంటి ముసలమ్మ కూడా ఒకప్పుడు ఆ రూపాలనే భయంతో నేర్చుకుని ఉండవచ్చు.

ఈ ప్రశ్నలో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే. భాష నేర్చుకోవడమనే ఒకే పని, ఎవరు నేర్చుకుంటున్నారనే దాన్ని బట్టి రెండు వేరే పనులైపోతుంది. మా చిన్నాయిన సౌదీలో పదకొండేళ్లు పనిచేసిండు. అరబ్బీ వచ్చు. ఏ దేశపు అరబ్బీ నేర్చుకుంటావని ఆయనను ఎవరూ అడగలేదు. కోర్సు లేదు, సర్టిఫికెట్ లేదు. మొదట వచ్చినవి తెచ్చిపెట్టు, ఎత్తు, తొందరగా, రేపు అనే మాటలు. 'రేపు' అన్నది జీతం అడిగినప్పుడు వినబడే మాట. పలకడంలో పొరపాటు దొర్లితే నవ్వేవాళ్లో తిట్టేవాళ్లో ఉండేవారు, దిద్దేవాళ్లు లేరు. నేను ఆంతిగ్వాలో గానీ సలమాంకాలో గానీ అడుగుపెడితే నాకోసం మనిషి నెమ్మదిగా మాట్లాడుతుంది. ఒకే పొరపాటు ఇరవైసార్లు చేసినా చిరునవ్వుతో దిద్దుతుంది. డబ్బు ఇచ్చి నేర్చుకునేవాడి కోసం ఎదుటివాళ్లు ఓపిక పట్టాలి. డబ్బుకోసం నేర్చుకునేవాడు తనే ఓపిక పట్టాలి. మన జిల్లాల నుంచి గల్ఫ్ వెళ్లి అరబ్బీ, హిందీ, మలయాళం నేర్చుకుని వచ్చినవాళ్లను బహుభాషావేత్తలని ఎవరూ అనరు. నా రెజ్యూమెలో మాత్రం రెండు నెలల స్పానిష్ ఒక లైను.

ఆ మాటకొస్తే అంత దూరం పోవడం ఎందుకు, అనంతపురం ఉంది కదా? బార్సిలోనా నుంచి వచ్చిన విసెంతె ఫెర్రర్ 1969లో అక్కడ రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ మొదలుపెట్టాడు. 2009లో పోయేదాకా అదే ఆయన ఊరు. స్పెయిన్ కుటుంబాల విరాళాలతో అక్కడ బడులు, ఇళ్లు, బత్తలపల్లిలో ఆసుపత్రి వచ్చాయి. ఎండిపోయిన ఆ జిల్లాలో, పల్లె పిల్లలకు స్పానిష్ నేర్పి ఉద్యోగాలకు పంపే బడి కూడా ఆ ట్రస్టే నడిపింది. నాకు దగ్గరలో దొరికే స్పానిష్ అదే, ఒక రాత్రి బస్సు దూరం. కానీ అది ఆ పిల్లల కోసం పెట్టింది. వాళ్ల బెంచీలో నేను కూర్చుంటే వేసవి సరదా కోసం ఒకరి సీటు తీసుకున్నట్టే. హైదరాబాద్ తార్నాకలో ఇఫ్లూ ఉంది, స్పానిష్ అక్కడా చెప్తారు. ఇక చదవడం వరకే కావాలంటే ఊరు దాటాల్సిన పని కూడా లేదు. వంగర నుంచి వచ్చిన పీవీ నరసింహారావుకు స్పానిష్ వచ్చు. ఆయనది ఎక్కడి యాస అని నేను ఇంతవరకు ఎవరూ అడగ్గా వినలేదు.

మరి వెళ్లడం దేనికి? మార్క్వెజ్‌నీ నెరూదానీ మనం ఎక్కువగా ఇంగ్లీషు మీదుగానే చదువుకున్నాం, ఆ మధ్యవర్తిని తప్పించాలన్న కోరిక ఒకటి. కానీ దానికి వెళ్లక్కర్లేదని ఇప్పుడే అన్నాను. వెళ్లడానికి నాకు మిగిలిన కారణం ఒక్కటే. క్లాసు అయిపోయాక, డబ్బు తీసుకోని మనుషుల మధ్య, కూరగాయల దుకాణం దగ్గర, బస్సులో, నా కోసం ఎవరూ నెమ్మదించని చోట కొన్ని వారాలు బతకడం. ముప్పై దాటాక, బతుకుదెరువు బాగానే సాగుతుండగా, మాట రాని మనిషిగా ఉండే అవకాశం ఇంకెక్కడా దొరకదు. చిన్నాయిన పదకొండేళ్లు అట్లా ఉన్నడు. నా ఎనిమిది వారాలు దానికి సమానం కావు, కావాలని నేను అనుకోవడమూ లేదు.

గిడుగు గురించి చెప్పాల్సింది ఒకటి మిగిలింది. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్నప్పుడు ఆయన సవర భాష నేర్చుకున్నాడు. శుద్ధమైన సవర ఎక్కడ దొరుకుతుందని ఆయన వెతికి ఉండడు. దగ్గరున్న సవరల దగ్గర, వాళ్ల కొండల్లో నేర్చుకున్నాడు. తర్వాత వాళ్ల భాషలో వాళ్ల పిల్లలకు బడులు పెట్టాడు, వ్యాకరణం, నిఘంటువు రాశాడు. అడవి జ్వరానికి వాడిన క్వినైన్‌తో చెవుడు వచ్చింది. భాష వినడానికి వెళ్లిన మనిషికి వినికిడి పోయింది. అంత ఇచ్చేవాళ్లు అరుదు, నా దగ్గర లేదు. కానీ నేర్చుకున్నదానికి బదులు ఏమిస్తావన్న ప్రశ్న ఆయన వల్ల నా స్ప్రెడ్‌షీట్‌లో ఇంకో కాలమ్ అయి కూర్చుంది. ఇంకా ఖాళీగానే ఉంది.

మొత్తానికి కెత్సల్తెనాంగో అనుకున్నాను. గ్వాటెమాలాలోనే, కొండల మీద. స్థానికులు షేలా అంటారు, అది కిచే పేరు. ఆంతిగ్వా అంత టూరిస్టు ఊరు కాదు, ఇంగ్లీషుతో నెట్టుకు రావడం కష్టం. చుట్టూ కిచే, మామ్ భాషల పల్లెలు. చవక కాబట్టి వెళ్తున్నానన్నది నిజమే, దాన్ని ఇంకోలా చెప్పను. వెళ్లేముందు కిచేలో పలకరింపులు నాలుగైనా నోటికి రావాలి, ఎందుకంటే స్పానిష్ వచ్చినవాళ్లందరికీ అది ఇష్టంగా వచ్చిందని అనుకోవడానికి లేదు. అక్కడ తూ, వోస్, ఉస్తెద్ మూడూ నడుస్తాయి. ఎవరిని ఏమనాలో బళ్లో కన్నా ఇంట్లోనే బాగా తెలుస్తుంది. మా ఇంట్లో బాపును 'నువ్వు' అంటాం, 'మీరు' అంటే ఏమైంది బిడ్డా అని అడుగుతడు. బొగొతాలో సొంత తమ్ముణ్ని కూడా ఉస్తెద్ అనే ఇళ్లున్నాయి. ఈ సంగతి పట్టుకోవడం నాకు పెద్ద కష్టం కాకపోవచ్చు.

ఇక తేదీలు. మన వేసవి ఏప్రిల్, మే. స్పెయిన్ వేసవి జూన్ తర్వాత. గ్వాటెమాలాలో మే నుంచి అక్టోబర్ దాకా వానలు, ఆ నెలలను వాళ్లు 'ఇన్వియెర్నో' అంటారు, పుస్తకం ప్రకారం చలికాలం. పుస్తకంలో వేసవి అయిన 'వెరానో' వాళ్లకు నవంబర్‌లో మొదలవుతుంది. నాకు సెలవు దొరికేది జూన్, జూలైల్లో. ఆఫీసు ఫారంలో కారణం దగ్గర సమ్మర్ కోర్సు అనే రాశాను, గొడుగు వేరే కొనాలి.